ఎక్స్ఛేంజ్‌ను అప్లికేషనే డిక్లేర్ చేసుకునేలా మార్చడానికి మాకు పట్టిన 14 వారాలు

2024 నవంబరు 25, సోమవారం ఉదయం మా సపోర్టు విభాగం అడిగిన ఒక ప్రశ్నతో ఈ పని మొదలైంది. గుంటూరులో కొత్తగా చేరిన ఒక వ్యాపారి కొనుగోలుదారులకు పార్సిల్ ఎస్సెమ్మెస్‌లు ఇంకా ఎందుకు వెళ్లడం లేదని వారు అడిగారు. కోడ్ సిద్ధంగా ఉంది, సెట్టింగులు సిద్ధంగా ఉన్నాయి, కానీ రాబిట్‌ఎంక్యూలో ఆ వ్యాపారి పేరున ఉండవలసిన ఎక్స్ఛేంజ్ లేదు. రాబిట్‌ఎంక్యూ అంటే ఒక సర్వీసు పంపిన మెసేజ్‌లను మరో సర్వీసుకు చేరవేసే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్, అంటే బ్రోకర్; మెసేజ్ ముందుగా దానిలోని ఎక్స్ఛేంజ్‌కు వస్తుంది, అక్కడి నుంచి వినే సర్వీసు చదువుకునే క్యూలోకి వెళుతుంది. దాన్ని సృష్టించమని కోరుతూ నేను పెట్టిన టికెట్ అప్పటికి ఆరు పనిదినాలుగా అలాగే ఉంది. మా బుకింగ్ సర్వీసు మెసేజ్ పంపిన ప్రతిసారీ బ్రోకర్ 404 (ఆ పేరుతో ఏదీ లేదు) అని చెప్పి ఛానెల్‌ను, అంటే కనెక్షన్ లోపల మాట్లాడుకునే దారిని, మూసివేస్తోంది.

మేము హైదరాబాదులో కూర్చుని ఒక కొరియర్ వ్యవస్థకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. బుకింగ్ సర్వీసు జావాలో, స్ప్రింగ్‌తో రాసినది; ఎస్సెమ్మెస్ సర్వీసు పైథాన్‌లో, పైకా లైబ్రరీతో రాసినది. ఒక్కో వ్యాపారికి ఒక్కో ఎక్స్ఛేంజ్ ఉంటుంది. అప్పటికి అలాంటివి 41 ఉన్నాయి. మూడు నోడ్ల (సర్వర్ల) క్లస్టర్ మీద నడిచే రాబిట్‌ఎంక్యూ 3.12ను చూసుకునేది వేరే ఊళ్లోని వేరే బృందం. వారు ఇద్దరి ఆమోదం తీసుకుని, బుధవారం సాయంత్రం మాత్రమే, మేనేజ్‌మెంట్ పేజీలో చేత్తో ఎక్స్ఛేంజ్‌లు సృష్టించేవారు. నాకు గుర్తున్నంతలో అన్నిటికన్నా తక్కువ నిరీక్షణ రెండు రోజులు, అన్నిటికన్నా ఎక్కువ తొమ్మిది రోజులు. అప్లికేషన్ నడుస్తున్నప్పుడే తనకు కావలసిన ఎక్స్ఛేంజ్‌ను తానే డిక్లేర్ చేసుకోవచ్చని, అంటే సృష్టించుకోవచ్చని, రాబిట్‌ఎంక్యూ వాడే ప్రోటోకాల్ ఏఎంక్యూపీ చెబుతున్నప్పుడు ఈ ఎదురుచూపు ఎందుకని ఆ రోజు మా లీడ్ మేడమ్‌ను అడిగాను. "అనుమతి తెచ్చుకోగలిగితే చెయ్యండి, కానీ జవాబుదారీ కూడా మీరే" అన్నారు.

నవంబరు 29న అనుమతి కోసం టికెట్ పెట్టాను. అందులో నేను చేసిన పొరపాటు, ఏ పేరైనా సరే సృష్టించుకోగలిగేలా కాన్ఫిగర్ పర్మిషన్ ఇమ్మని అడగడం. రాబిట్‌ఎంక్యూలో ఒక యూజర్‌కు ఒక్కో వీహోస్ట్‌లో (బ్రోకర్ లోపలి ఒక్కో విభాగంలో), ఏ పేర్లకు ఏ అనుమతి ఉందో చెప్పే మూడు నమూనాలు ఉంటాయి: కాన్ఫిగర్, రైట్, రీడ్. ఎక్స్ఛేంజ్‌ను డిక్లేర్ చేయాలంటే దాని పేరు కాన్ఫిగర్ నమూనాకు సరిపోవాలి. డిసెంబరు 4న తిరస్కరణ వచ్చింది. అన్ని పేర్లకూ అనుమతి ఇస్తే మిగతా బృందాల క్యూలను కూడా మా అప్లికేషన్ తొలగించగలదని అందులో రాశారు. చదవగానే కోపం వచ్చింది, కానీ ఆ మాట నూటికి నూరు పాళ్లూ నిజం. క్యూను డిలీట్ చేయడానికి అవసరమైనదీ ఆ కాన్ఫిగర్ పర్మిషనే. 'మర్చంట్.' తో మొదలయ్యే పేర్లకు మాత్రమే ఇమ్మని మళ్లీ రాసి పంపితే, డిసెంబరు 9న టెస్టింగ్ క్లస్టర్ మీద అనుమతి వచ్చింది. మొత్తం పది రోజులు. మీరు ఈ దారిలో వెళ్లేవారైతే, పేర్ల ముందు భాగాన్ని మొదటి టికెట్‌లోనే నిర్ణయించి రాయండి. నాకు అందులోనే ఐదు రోజులు పోయాయి.

మరుసటి రోజు నేను రాసిన పదిహేను పంక్తుల పైథాన్ స్క్రిప్టు మొదటిసారి ఎక్స్ఛేంజ్‌ను డిక్లేర్ చేసింది. మేనేజ్‌మెంట్ పేజీలో ఆ పేరు కనిపించినప్పుడు కలిగిన సంతోషం నిజమైనది. రెండోసారి నడిపాను, మూడోసారి నడిపాను, ఏమీ జరగలేదు. డిక్లేర్ అంటే "ఇలాంటిది లేకపోతే సృష్టించు, ఉంటే సరే" అని అర్థం కాబట్టి అలాగే ఉండాలి. క్యూను ఎక్స్ఛేంజ్‌కు కట్టే (బైండ్ చేసే) దగ్గర మాత్రం 403, అంటే అనుమతి లేదన్న జవాబు, వచ్చింది. ఎక్స్ఛేంజ్‌కు క్యూను బైండ్ చేయాలంటే క్యూ మీద రైట్ పర్మిషన్, ఎక్స్ఛేంజ్ మీద రీడ్ పర్మిషన్ కావాలి. క్యూ వైపు చేసేది రైట్ అనీ, ఎక్స్ఛేంజ్ వైపు చేసేది రీడ్ అనీ నాకు తోచనే లేదు. ఆ ఒక్క పదం మార్చడానికి మరో రెండు రోజులు, మరో టికెట్.

డిసెంబరు 11 నుంచి 13 వరకు గడిచిన మూడు రోజులు నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించాయి, ఎందుకంటే ఉదయం పనిచేసినది సాయంత్రం పనిచేయలేదు. ఉదయం జావా సర్వీసు ముందు లేస్తే పైథాన్ సర్వీసు 406తో పడిపోయేది. మధ్యాహ్నం పైథాన్ ముందు లేస్తే జావా పడిపోయేది. లాగ్‌లో ఉన్న వాక్యం స్పష్టంగానే ఉంది: 'డ్యూరబుల్' అనే ఆర్గ్యుమెంట్ సరిపోలడం లేదు, వచ్చినది ట్రూ, ఇప్పుడు ఉన్నది ఫాల్స్. నేనైతే ఏ సర్వీసులోనూ డ్యూరబుల్ గురించి ఒక్క అక్షరం కూడా రాయలేదు. అసలు కారణం సరిగ్గా అదే. స్ప్రింగ్‌లో టాపిక్ ఎక్స్ఛేంజ్‌కు ఏమీ చెప్పకపోతే డ్యూరబుల్ ట్రూ. పైకాలో ఏమీ చెప్పకపోతే ఫాల్స్. రెండు లైబ్రరీలూ తమ తమ అలవాటు ప్రకారం ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులను అడుగుతున్నాయి. ఎవరు ముందు వస్తే వారి మాట చెల్లుతోంది, తరువాత వచ్చినవారి ఛానెల్ మూతపడుతోంది. ఇది నేను కనుక్కున్నది కూడా అనుకోకుండానే. గురువారం రాత్రి టెస్టింగ్ క్లస్టర్‌ను పూర్తిగా రీస్టార్ట్ చేసినప్పుడు పైథాన్ సృష్టించిన ఎక్స్ఛేంజ్ మాయమైంది, జావా సృష్టించినది మిగిలింది. డ్యూరబుల్ కానిది రీస్టార్ట్ దాటి నిలవదు. ఆ రాత్రి నుంచి పేరు, రకం, డ్యూరబుల్, ఆటో-డిలీట్, అదనపు ఆర్గ్యుమెంట్లు, ఈ ఐదింటినీ ప్రతి డిక్లేర్‌లోనూ విడమరిచి రాయడం మొదలుపెట్టాను. లైబ్రరీ డిఫాల్టుకు ఏదీ వదలలేదు.

శుక్రవారం ప్రొడక్షన్ నుంచి, అంటే అసలు క్లస్టర్ నుంచి, డెఫినిషన్లను (ఎక్స్ఛేంజ్‌లు, క్యూల వివరాలను) ఎగుమతి చేసి టెస్టింగ్‌లోకి దింపాను, అసలు పరిస్థితి ఎలా ఉంటుందో చూద్దామని. ఈసారి 406 'టైప్' మీద వచ్చింది. చేత్తో సృష్టించిన ఆ 41 ఎక్స్ఛేంజ్‌లూ డైరెక్ట్ రకం, అంటే మెసేజ్ మీద రాసిన గుర్తు (రౌటింగ్ కీ) అచ్చంగా సరిపోతేనే పంపేవి. నా కోడ్ అడుగుతున్నది టాపిక్, అంటే ఆ కీ ఒక నమూనాకు సరిపోయినా పంపేది. పైగా స్ప్రింగ్‌లో డిక్లేర్లు చేసిపెట్టే రాబిట్ అడ్మిన్ అనే భాగం, మనం వేరుగా చెప్పకపోతే, మొదటి డిక్లేర్ విఫలమైన చోటే మిగతా డిక్లేర్లన్నీ ఆపేస్తుంది. అంటే ఒక పాత ఎక్స్ఛేంజ్ తేడా వల్ల దానికి సంబంధమే లేని కొత్త వ్యాపారి ఎక్స్ఛేంజ్ కూడా పుట్టలేదు. ఒకసారి డిక్లేర్ అయిన ఎక్స్ఛేంజ్ రకాన్ని మార్చే మార్గం లేదు. తొలగించి మళ్లీ సృష్టించాలి, తొలగిస్తే దాని బైండింగులన్నీ దానితోనే పోతాయి. పగలూ రాత్రీ పార్సిళ్లు కదిలే వ్యవస్థలో అది చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. కొత్తవాటికి 'మర్చంట్.వీ2.' అనే ముందుపేరు పెట్టి, పాతవాటిని ముట్టుకోకుండా వదిలేశాను. అనుమతి నమూనాలో ఈ పేరు కూడా ఇమిడిపోవడం అదృష్టం.

డిసెంబరు 16న చిన్నదే అయినా నలభై నిమిషాలు తినేసిన ఒక ఆశ్చర్యం ఎదురైంది. జావా సర్వీసు ఏ లోపమూ లేకుండా లేచింది, కానీ ఎక్స్ఛేంజ్‌లు పేజీలో లేవు. సెట్టింగులన్నీ తిరగేశాను, వీహోస్ట్ తప్పేమోనని చూశాను. విషయం ఏమిటంటే, రాబిట్ అడ్మిన్ అప్లికేషన్ మొదలైనప్పుడు డిక్లేర్ చేయదు. బ్రోకర్‌తో మొదటి కనెక్షన్ తెరుచుకున్నప్పుడు చేస్తుంది. బుకింగ్ సర్వీసు పంపేదే తప్ప వినేది కాదు కాబట్టి, ఎవరో ఒకరు ఒక పార్సిల్ బుక్ చేసేదాకా దానికి కనెక్షన్‌తో పని లేదు. ఒక డమ్మీ బుకింగ్ చేయగానే అన్నీ వరుసగా కనిపించాయి. మరుసటి రోజు దీనికి విరుగుడుగా ప్రతి పబ్లిష్‌కు ముందు డిక్లేర్ చేసేలా రాశాను; అది చూసిన మేడమ్, ప్రతి మెసేజ్‌కూ బ్రోకర్ దగ్గరికి వెళ్లి జవాబు తెచ్చుకునే ఒక ప్రయాణం అదనంగా పడుతోందని చూపించి తీసివేయించారు. సర్వీసు లేవగానే కనెక్షన్ తెరిచే ఒక చిన్న పంక్తి సరిపోయింది.

డిసెంబరు 19, గురువారం సాయంత్రం ప్రొడక్షన్‌లో గుంటూరు వ్యాపారితో మొదలుపెట్టాం. శుక్రవారం ఉదయం 9:40కి బుకింగులు రావడం మొదలైంది. జావా సర్వీసు ఎక్స్ఛేంజ్‌ను డిక్లేర్ చేసింది, మెసేజ్‌లు పంపింది, ప్రతి మెసేజ్‌కూ బ్రోకర్ నుంచి పబ్లిషర్ కన్ఫర్మ్ వచ్చింది. నా తెర మీద అంతా ఆకుపచ్చగా ఉంది. 11:50కి సపోర్టు నుంచి ఫోన్ వచ్చింది: ఒక్క కొనుగోలుదారుకు కూడా ఎస్సెమ్మెస్ వెళ్లలేదు. అందులో ఒకరు తల్లికి రావలసిన మందుల పార్సిల్ కోసం ఉదయం నుంచి ఇంటి దగ్గరే కాచుకుని ఉన్నారని చెప్పినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి.

జరిగింది ఇది. ఎస్సెమ్మెస్ సర్వీసు కొత్త వెర్షన్ విడుదల ఆ బృందం పనుల వల్ల సాయంత్రానికి వాయిదా పడింది. దానివల్ల ఎక్స్ఛేంజ్ ఉంది, దానికి ఒక్క క్యూ కూడా బైండ్ కాలేదు. బైండింగ్ లేని ఎక్స్ఛేంజ్‌కు పంపిన మెసేజ్‌ను బ్రోకర్ నిశ్శబ్దంగా పారేస్తుంది. మరి కన్ఫర్మ్ ఎందుకు వచ్చిందంటే, ఈ మెసేజ్ ఏ క్యూకూ వెళ్లదని తేల్చుకున్న వెంటనే కూడా బ్రోకర్ కన్ఫర్మ్ పంపుతుంది. కన్ఫర్మ్ అర్థం "బాధ్యత తీసుకున్నాను" అని మాత్రమే, "క్యూలో వేశాను" అని కాదు. మూడు నెలల క్రితం ఇదే పరిస్థితి వచ్చి ఉంటే ఎక్స్ఛేంజే లేదు కాబట్టి 404 వచ్చి, ఛానెల్ మూతపడి, బుకింగ్ సర్వీసు గగ్గోలు పెట్టి ఉండేది. పంపేవారి చేత ఎక్స్ఛేంజ్‌ను సృష్టింపజేసి ఆ హెచ్చరికను నేనే తీసేశాను. ఈ మొత్తం అనుభవంలో నేను ఎవరికైనా ఒక్కటే చెప్పాలంటే ఈ సంగతే చెబుతాను.

రెండు గంటల పది నిమిషాలలో పోయిన మెసేజ్‌లు 286. మేనేజ్‌మెంట్ పేజీలో ఆ ఎక్స్ఛేంజ్ మీద నొక్కితే లోపలికి వచ్చిన వేగం ఉంది, బయటికి వెళ్లిన వేగం సున్నా. కొలతలు సేకరించే ప్రోమీథియస్‌కు వెళ్లే లెక్కల్లో 'రౌట్ కాక పారేసినవి' అనే కౌంటర్ పెరుగుతూనే ఉంది. చూడవలసిన చోట చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తెలిసేది. బుకింగ్ డేటాబేసులో వివరాలన్నీ ఉండటం వల్ల మెసేజ్‌లను తిరిగి తయారు చేసి పంపగలిగాను, కానీ అప్పటికే చేరిన పార్సిళ్లకు "బయలుదేరింది" అని పంపకుండా ఒక్కొక్కటీ సరిచూసేసరికి రాత్రి ఒంటిగంట అయింది. తిరిగి పంపిన ఎస్సెమ్మెస్‌ల ఖర్చు వంద రూపాయలు కూడా దాటలేదు. ఆ రాత్రి మా ఊరు వెళ్లడానికి కొన్న బస్సు టికెట్ 840 రూపాయలు పోయింది. ఆ వ్యాపారికి మాత్రం సోమవారం నేనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విని, "ఇంకోసారి కాకుండా చూడండి బాబూ" అన్నారు. ఆ మాట తరువాతి వారాలన్నిటిలోనూ నా వెంటే ఉంది.

డిసెంబరు 23 నుంచి దారి లేని మెసేజ్‌ను ఎలా పట్టుకోవాలన్నదే నా పని. మొదటి మార్గం మ్యాండేటరీ అనే గుర్తు. అది పెట్టి పంపిన మెసేజ్‌కు క్యూ దొరకకపోతే బ్రోకర్ దాన్ని 312 సంఖ్యతో వెనక్కి ఇస్తుంది, ఆ తరువాతే కన్ఫర్మ్ పంపుతుంది. ఇది రెండు రోజుల్లో అయిపోయింది. కానీ వెనక్కి వచ్చిన దాన్ని పట్టుకునే సమయానికి మా సర్వీసే ఆగిపోయి ఉంటే మెసేజ్ పోయినట్టే. అందుకని రెండో మార్గం కూడా కావాలనుకున్నాను: ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజ్. ఒక ఎక్స్ఛేంజ్ తాను ఎక్కడికీ పంపలేని మెసేజ్‌ను ఇంకొక ఎక్స్ఛేంజ్‌కు అప్పగించే ఏర్పాటు అది. కోడ్‌లో ఆ ఆర్గ్యుమెంట్ చేర్చి నడిపితే మళ్లీ 406. ఆర్గ్యుమెంట్లు కూడా డిక్లేర్‌లో భాగమే కాబట్టి, అప్పటికే ఉన్న గుంటూరు ఎక్స్ఛేంజ్‌కు దాన్ని కొత్తగా చేర్చడం కుదరదు. అయితే అదే పనిని పాలసీతో చేయవచ్చు. పాలసీ బ్రోకర్ వైపు ఉంటుంది, పేర్ల నమూనాకు వర్తిస్తుంది, ఎక్స్ఛేంజ్‌ను ముట్టుకోనక్కరలేదు. అదే సంగతి ఆర్గ్యుమెంట్‌లోనూ పాలసీలోనూ ఉంటే ఆర్గ్యుమెంట్‌దే పైచేయి అవుతుంది కాబట్టి కోడ్‌లోంచి పూర్తిగా తీసేశాను. పాలసీ పెట్టే అధికారం నాకు లేదు. జనవరి 2న టికెట్ పెట్టాను. జనవరి 6 నుంచి 17 వరకు పండుగ రద్దీ కారణంగా ప్రొడక్షన్‌లో ఏ మార్పూ చేయకూడదన్న నియమం వల్ల అది ఆగిపోయింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు కూడా ఈ విషయమే మనసులో మెదిలింది. మా నాన్నగారు రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కనుమ రోజు భోజనాలయ్యాక 286 మెసేజ్‌ల సంగతి చెబితే, ఆయన ఎక్స్ఛేంజ్ అంటే ఏమిటో అడగలేదు. "చిరునామా అర్థం కాని ఉత్తరాన్ని మేము ఏనాడూ పారేయలేదురా, దానికి వేరే గూడు ఉండేది, అక్కడి నుంచి ఆర్‌ఎల్‌ఓకి వెళ్లేది" అన్నారు. రిటర్న్డ్ లెటర్ ఆఫీసు తపాలా శాఖలో ఉన్నది సరిగ్గా ఈ పనికే. నేను మూడు వారాలుగా టికెట్లలో వివరించలేక తంటాలు పడుతున్న దాన్ని ఆయన ఒక వాక్యంలో చెప్పారు. జనవరి 20న బ్రోకర్ బృందంతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఇదే మాట చెప్పాను, అరగంటలో పాలసీ పెట్టేశారు. 'మర్చంట్.వీ2.' తో మొదలయ్యే ప్రతి ఎక్స్ఛేంజ్‌లోనూ దారి లేని మెసేజ్ ఇప్పుడు ఒక ఫ్యానవుట్ ఎక్స్ఛేంజ్ (కీ చూడకుండా తనకు కట్టిన క్యూలన్నిటికీ పంపేది) ద్వారా ఒక క్యూలోకి చేరుతుంది. ఆ క్యూ నిండిపోయి డిస్కును తినేయకుండా దానికి గరిష్ఠ పొడవు పెట్టించారు. అది వారి ఆలోచన, నాకు తట్టలేదు.

తరువాతి వారం పాత 41 ఎక్స్ఛేంజ్‌ల తరలింపు. ఎక్కువ భయపడింది దీనికే, తక్కువ కష్టపెట్టినదీ ఇదే. రాబిట్‌ఎంక్యూలో ఒక ఎక్స్ఛేంజ్‌ను మరో ఎక్స్ఛేంజ్‌కు కూడా బైండ్ చేయవచ్చు. కొత్త టాపిక్ ఎక్స్ఛేంజ్ నుంచి పాత డైరెక్ట్ ఎక్స్ఛేంజ్‌కు హ్యాష్ గుర్తుతో (ఏ కీ అయినా సరే అని అర్థం) ఒక బైండింగ్ వేసి, పంపేవారిని ముందుగా కొత్తదానికి మార్చాం. మెసేజ్ తన రౌటింగ్ కీతోనే పాతదానికి చేరుతుంది కాబట్టి వినేవారికి ఏ తేడా తెలియలేదు. తరువాత ఒక్కొక్క క్యూను కొత్తదానికి బైండ్ చేసి, పాతదాని నుంచి విప్పాం. ఈ మధ్య సమయంలో ఒకే క్యూకు రెండు దారులు ఉంటాయి కదా, కొనుగోలుదారుకు రెండేసి ఎస్సెమ్మెస్‌లు వెళతాయేమోనని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఒక మెసేజ్ ఎన్ని దారుల్లో వచ్చినా ఒక క్యూకు ఒకే ప్రతి చేరుతుంది. టెస్టింగ్‌లో వెయ్యి పంపి వెయ్యే లెక్కపెట్టుకున్నాక కానీ నమ్మలేదు.

జనవరి 28న మరో దెబ్బ తగిలింది. 'పార్సిల్.' తరువాత నక్షత్రం గుర్తుతో (అక్కడ ఏ పదమైనా సరే అని అర్థం) ఉన్న బైండింగ్‌ను, డెలివరీ అయినప్పుడు మాత్రమే ఎస్సెమ్మెస్ వెళ్లాలన్న ఒక వ్యాపారి కోరిక మేరకు, 'పార్సిల్.డెలివర్డ్' అని కోడ్‌లో మార్చాను. ఆ రాత్రి 58 మందికి పార్సిల్ ఎక్కడ స్కాన్ అయితే అక్కడ ఎస్సెమ్మెస్ వెళ్లింది, కొందరికి అర్ధరాత్రి దాటాక. కోడ్‌లో పాత పంక్తిని తుడిచేస్తే బ్రోకర్‌లోని పాత బైండింగ్ తుడుచుకుపోదు. డిక్లేర్, బైండ్ అనేవి చేర్చడమే తప్ప తీసివేయడం ఎరగవు. అన్‌బైండ్ అని వేరుగా, స్పష్టంగా చెప్పాలి. ఇప్పుడు మా దగ్గర బైండింగ్ మారిన ప్రతిసారీ పాత కీని అన్‌బైండ్ చేసే పంక్తి లేకుండా కోడ్ రివ్యూ దాటదు. ఇదే తరహాలో టెస్టింగ్‌లో ఆటో-డిలీట్ పెట్టి సృష్టించిన ఎక్స్ఛేంజ్‌లు 214 పోగుపడి ఉండటం కూడా ఆ వారమే చూశాను. చివరి బైండింగ్ విప్పినప్పుడు అవి వాటంతట అవే పోతాయి. అసలు ఎన్నడూ ఏదీ బైండ్ కాకపోతే ఎన్నటికీ పోవు.

జనవరి 30న జరిగినదానితో నా నిర్ణయం మారింది. ఒక సర్వరు సెట్టింగుల్లో వ్యాపారి కోడ్‌లో రెండు అక్షరాలు తారుమారయ్యాయి. జావా సర్వీసు ఆ తప్పు పేరుతోనే చక్కగా కొత్త ఎక్స్ఛేంజ్‌ను డిక్లేర్ చేసింది. పేరు అనుమతి నమూనాకు సరిపోయింది కాబట్టి బ్రోకర్ అడ్డుచెప్పలేదు. ఈసారి మెసేజ్‌లు పోలేదు, ఆల్టర్నేట్ ఎక్స్ఛేంజ్ పట్టుకుంది, ఇరవై నిమిషాల్లో అలారం మోగింది. అయినా డిసెంబరు 20 నాటి లోపమే మరో దారిలో వచ్చిందని నాకు అర్థమైంది. పంపేవారికి సృష్టించే హక్కు ఉన్నంతకాలం ఏ తప్పు పేరైనా ఒప్పు పేరులాగే చెల్లుతుంది.

ఫిబ్రవరి 3 నుంచి 7 వరకు అమరికను తిరగరాశాను. వినే ఎస్సెమ్మెస్ సర్వీసు ఒక్కటే ఎక్స్ఛేంజ్‌ను నిజంగా డిక్లేర్ చేస్తుంది. ప్రతి ముప్పై సెకన్లకూ వ్యాపారుల పట్టిక చూసి, కొత్త పేరు కనబడగానే ఎక్స్ఛేంజ్, క్యూ, బైండింగ్ మూడూ ఒకే చోట, ఒకదాని వెంట ఒకటి వేస్తుంది. బుకింగ్ సర్వీసు పాసివ్ డిక్లేర్ మాత్రమే చేస్తుంది, అంటే "ఈ పేరుతో ఉందా" అని అడుగుతుంది, లేకపోతే 404 అందుకుని ఆ వ్యాపారి మెసేజ్‌లను డేటాబేసులోనే ఆపుకుంటుంది. రాబిట్ అడ్మిన్‌లో దీనికి సూటి మార్గం నాకు కనబడలేదు; ఛానెల్‌ను చేతికి తీసుకుని జావా క్లయింట్‌లోని పాసివ్ పద్ధతిని నేరుగా పిలిచాను. విఫలమైన పాసివ్ డిక్లేర్ ఛానెల్‌ను మూసివేస్తుందన్నది ఇక్కడ మరిచిపోకూడని సంగతి. మొదట ఐదు సెకన్లకు ఒకసారి అదే ఛానెల్ మీద మళ్లీ మళ్లీ అడిగేలా రాశాను. మొదటిసారి తప్ప మిగతావన్నీ బ్రోకర్ దాకా వెళ్లనే లేదు. ప్రతి ప్రయత్నానికీ కొత్త ఛానెల్ తెరవాలి, మెసేజ్‌లు పంపే ఛానెల్‌తో దీన్ని కలపకూడదు.

పాసివ్ డిక్లేర్‌కు కాన్ఫిగర్ పర్మిషన్ అవసరం లేదు. అందుకని ఫిబ్రవరి 7న బుకింగ్ సర్వీసు యూజర్‌కు ఉన్న కాన్ఫిగర్ పర్మిషన్‌ను పూర్తిగా తీసివేయమని నేనే టికెట్ పెట్టాను. నవంబరు చివర మొదలుపెట్టి పది రోజులు పోరాడి తెచ్చుకున్నది అది. ఆ టికెట్ నలభై నిమిషాల్లో పూర్తయింది, మేము పెట్టిన వాటన్నిటిలోకీ వేగంగా జరిగినది అదే.

ఫిబ్రవరి 10న తెనాలి నుంచి కొత్త వ్యాపారి చేరారు. పట్టికలో పేరు ఎక్కించినది ఉదయం 10:12కు, మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లినది 10:16కు. ఆ నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు ఆయన తన మొదటి పార్సిల్ వివరాలు నింపడానికి పట్టినవి. మేడమ్ నా కుర్చీ వెనకే నిలబడి చూశారు, ఏమీ అనలేదు, భుజం తట్టి వెళ్లారు.

పాత 41 ఎక్స్ఛేంజ్‌ల తొలగింపు మిగిలింది. కొత్తవాటి నుంచి వేసిన బైండింగులు విప్పి, మూడు వారాలు వాటిలోకి ఏ మెసేజ్ రాలేదని చూసుకుని, మార్చి 3న డిలీట్ చేశాం. "వాడకంలో లేకపోతేనే తొలగించు" అనే గుర్తుతో చేశాం, మేడమ్ పట్టుబట్టడం వల్ల. నలభై పోయాయి. ఒకటి "ఇన్ యూజ్" అని 406 ఇచ్చింది. బైండింగుల జాబితా తీస్తే, నెలాఖరున మాత్రమే చదివే ఒక రిపోర్టుల క్యూ దానికి కట్టి ఉంది. ఆ క్యూ ఎవరిదో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. ఫిబ్రవరి నెలాఖరు రిపోర్టులో ఆ వ్యాపారి లెక్కలు తక్కువగా పడ్డాయన్న ఫిర్యాదు అప్పటికే ఆ బృందం దగ్గర ఉంది. క్యూను కొత్త ఎక్స్ఛేంజ్‌కు కట్టి, లెక్కలు డేటాబేసు నుంచి తిరిగి నింపి, మార్చి 5, బుధవారం సాయంత్రం చివరిదాన్ని తొలగించాం.